పోలయ్య బల్లకట్టు చెక్కలు

గోదావరి పాయ ఒడ్డున మొగలిలంక అనే ఊళ్ళో తాతారావుగారని ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవారు. మనిషి మంచివారే కానీ, తనకు ఇష్టమైన వస్తువును ఇంకొకరు ముట్టుకుంటే ఆయన ప్రాణం విలవిల్లాడేది. ఆయన గొడుగు కింద ఇంకొకరు నడిచి ఎరగరు. ఇక బడి ఫుట్‌బాల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది అరిగిపోతుందని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. మేం దాన్ని అద్దంలోంచి చూసి చూసి, అలాగే పదో తరగతి దాటేశాం.

ఆయన తండ్రి పోలయ్య మా రేవులో బల్లకట్టు నడిపేవాడు. రెండు పడవల మీద చెక్కలు పరిచి బిగిస్తే అదే బల్లకట్టు. ముప్ఫయ్యేళ్ళపాటు మనుషుల్నీ, గేదెల్నీ, గడ్డిబళ్ళనీ, పెళ్ళివారినీ దాని మీదే ఆవలి ఒడ్డుకు చేర్చాడు. తెల్లవారుతూనే "రేవో...!" అని పోలయ్య పెట్టే కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ కేక వినపడ్డాకే మా అమ్మ పొయ్యి వెలిగించేది. తర్వాత పోలయ్య పోయాడు. వంతెన వచ్చింది. బల్లకట్టు ఇసుకలో పడి ఉండిపోయింది.

దాన్ని పంచాయతీవాళ్ళు విప్పి అమ్మేస్తున్నారని తెలియగానే మాస్టారు వడ్రంగి వీరాచారిని వెంటబెట్టుకుని రేవుకు పరిగెత్తారు. పోలయ్య బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించుకోలేదు. తండ్రి గుర్తుగా ఆయనకు మిగిలినవి ఆ చెక్కలే.

మాస్టారు తిన్నగా, నున్నగా కనిపించినవి ఏరబోయారు. వీరాచారి నవ్వాడు.

"పైమెరుగు చూసి మురిసిపోకండి మేస్టారూ. చెక్కని చెవితో కొనాలండి" అన్నాడు.

ఒక్కొక్క చెక్కనీ వేలి కణుపుతో కొట్టి విన్నాడు. బోలుగా పలికినవి పక్కన పడేశాడు. ఖంగుమన్నవాటిని ఉలి మొనతో గుచ్చి చూశాడు. మొన దిగనివే మంచివన్నాడు. మేకులు పీకిన కన్నాలున్నా, గిట్టల గుర్తులున్నా పట్టించుకోలేదు. అలా గట్టివి పన్నెండు ఏరాడు. అవన్నీ పోలయ్య బల్లకట్టు నెట్టే గెడ పట్టుకుని నిలబడే వెనక వైపు చెక్కలు. వాటిని వేసవంతా నీడపట్టున గాలికి ఆరనిచ్చి, చిత్రిక పట్టాడు. నల్లటి పైపొర లేచిపోయి లోపలి తేనె రంగు బయటపడేసరికి మాస్టారి కళ్ళు చెమర్చాయి.

పదిమంది కూర్చునేంత పెద్ద బల్ల తయారైంది. ఇంటికి తెచ్చి దించుతూ వీరాచారి జాగ్రత్తలు చెప్పాడు.

"పొడిగుడ్డతో తుడవండి. ఏడాదికోపాలి వానలకి ముందు అవిసె నూనె పట్టించండి. గోడకి జానెడు ఎడం ఉంచండి, గాలాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ కూర్చోండి."

"కూర్చుంటే అరిగిపోదటయ్యా?" అన్నారు మాస్టారు కంగారుగా.

"ముప్ఫయ్యేళ్ళు గేదెలు తొక్కితే అరగలేదండి. మీరు కూర్చుంటే అరిగిపోద్దా?"

మాస్టారికి ఆ మాట చెవికెక్కలేదు. బల్లను వెనక గదిలో గోడకు ఆనించారు. దాని మీద దుప్పటి, దుప్పటి మీద ప్లాస్టిక్ పట్టా, పట్టా మీద తాడు. గదికి తాళం. రోజూ పొద్దున్నే కిటికీలోంచి చూసి దణ్ణం పెట్టుకునేవారు.

ఒకరోజు చల్ల అమ్మే బుల్లెమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పోలయ్య రోజుల్లో నెత్తిన చల్లకుండతో దినమూ రేవు దాటేది.

"బాబూ, బల్లకట్టు చెక్కల్తో బల్ల చేయించారంట గదా! ఓపాలి దాని మీద కూకుని ఎల్లిపోతానండి" అంది.

"అమ్మో! మరకలు పడతాయి. కావాలంటే కిటికీలోంచి చూసి వెళ్ళు" అన్నారు మాస్టారు.

బుల్లెమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. నీలం పట్టా తప్ప ఏమీ కనిపించలేదు. చీర చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

మాస్టారి భార్య చిట్టెమ్మగారు ఇదంతా చూస్తూనే ఉన్నారు. "మీ నాన్నగారు ఎప్పుడైనా ఒక్కళ్ళని బల్లకట్టు ఎక్కొద్దన్నారా?" అన్నారు. మాస్టారు వినిపించుకోలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. తండ్రి తద్దినం నాడు ఆ బల్ల మీద దీపం పెడదామని మాస్టారు పట్టా విప్పారు. గుప్పున ముక్కవాసన కొట్టింది. గోడ చెమ్మంతా పట్టా కింద చేరి దుప్పటి బూజు పట్టింది. గోడ వైపు నుంచి చెద ఎక్కింది. బల్ల మీద చెయ్యి ఆనిస్తే బొటనవేలు లోపలికి దిగిపోయింది. మాస్టారు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

వీరాచారి వచ్చి చూశాడు.

"నదిలో ముప్ఫయ్యేళ్ళున్నా చెక్కుచెదరని చెక్కలండి. మీ గదిలో రెండేళ్ళకే కుళ్ళిపోయినియ్యి. తడిసింది గాలాడితే ఆరుద్ది మేస్టారూ, మూటగడితే కుళ్ళుద్ది" అన్నాడు.

పన్నెండింటిలో అయిదే మిగిలాయి. తక్కినవి పొయ్యిలోకి పోయాయి. ఆ అయిదింటితో వీరాచారి సన్నటి బల్ల ఒకటి చేశాడు. ఈసారి మాస్టారు తన చేత్తో నూనె పట్టించి, వీధి అరుగు మీద, గోడకు ఎడంగా వేశారు. తర్వాత తిన్నగా బుల్లెమ్మ ఇంటికి వెళ్ళారు.

"పెద్దమ్మా, తప్పయిపోయింది. వచ్చి కూర్చో" అన్నారు.

బుల్లెమ్మ వచ్చి కూర్చుంది. రెండు చేతులతోనూ చెక్కలు తడిమింది.

"మా పిల్ల గోదారి పుట్టింది బల్లకట్టు మీదేనండి బాబూ" అంది. "నడిరేవులో నొప్పులొచ్చేసినియ్యి. కూడా ఉన్న ఆడోళ్ళే పురుడు పోసారు. మీ నాన్న తన పైపంచి విప్పి అడ్డంగట్టేడు. పిల్ల ఏడుపు ఇనపడిందాకా ఇటేపు తిరిగి చూళ్ళేదు మారాజు. ఒడ్డుకి చేరేక పిల్లని ఆ పంచిలోనే చుట్టి ఇచ్చేడు. ఎనకేపు చెక్కల మీదండి. ఆ చెక్క ఇందులో ఉందంటారా?"

అది మిగిలిందో, పొయ్యిలోకి పోయిందో ఇప్పుడెవరు చెప్పగలరు? మాస్టారు తలవంచుకున్నారు.

"ఈ సంగతి మా నాన్న నాకెప్పుడూ చెప్పలేదు పెద్దమ్మా. నువ్వైనా ఆ రోజే చెప్పలేకపోయావా?"

"కూకుంటే చెప్పేదాన్నండి బాబూ. నిలబెట్టి పంపేసారుగా!"

ఆ మాటకు మాస్టారు బల్ల అంచున ఆమె పక్కనే కూర్చుండిపోయారు.

అప్పటినుంచి ఆ అరుగు మీద బల్ల ఎప్పుడూ ఖాళీగా లేదు. సంతకు పోయేవాళ్ళు కూర్చునేవారు. బడి వదిలాక మేమూ ఎక్కి కాళ్ళాడించేవాళ్ళం. వరదలో పోలయ్య ఎవరిని ఒడ్డుకు చేర్చాడో ఒకరు చెప్పేవారు. కూలి దొరకని రోజున ఎవరిని ఊరికే దాటించాడో ఇంకొకరు చెప్పేవారు. మాస్టారు ప్రతివాళ్ళకూ మంచినీళ్ళిచ్చి, "ఇంకా చెప్పండి, ఇంకా చెప్పండి" అనేవారు. పదిమంది ఒంటి రాపిడికి ఆ చెక్కలు ఏ వార్నిషూ లేకుండానే అద్దంలా మెరిసేవి. బల్లను గదిలో మూటగట్టి ఉంచిన రెండేళ్ళూ ఆయనకు దొరకని తండ్రి, వీధి అరుగు మీద రోజూ కొంచెం కొంచెంగా దొరికాడు.

చూశారా పిల్లలూ! ప్రేమతో దాచిపెట్టిన వస్తువు చెదపాలవుతుంది. పదిమందికీ పనికొచ్చిన వస్తువే నిలుస్తుంది, మనవాళ్ళ జ్ఞాపకాన్నీ నిలబెడుతుంది.