పొద్దు మూటగట్టుకుపోయిన బైరాగి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడుగురుండాలి కదా అంటారేమో, ఈ రాజుకు ముగ్గురే. ఆ ముగ్గురితోనే ఆయనకు తల ప్రాణం తోకకొచ్చేది. పెద్దవాడు జయకేతుడు, పద్దెనిమిదేళ్ళు. నడిమివాడు వీరకేతుడు, పదిహేడేళ్ళు. చిన్నవాడు సుకేతుడు. వాడికి పదహారు నిండడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

వాళ్ళ రాజ్యం పేరు మొగలికోన. అక్కడో ఆచారం ఉండేది. రాజకుమారుడికి పదహారు నిండిన రోజున నడుముకు కత్తి కడతారు. ఇక ఆ రోజు నుంచి వాడు పెద్దవాడు. చెట్టెక్కకూడదు. వీధిలో పరుగెత్తకూడదు. అమ్మ చేతి ముద్ద తినకూడదు. మన సుకేతుడికి లోకంలో ఇష్టమైనవి సరిగ్గా ఆ మూడే. అందుకని ఆ ఎనిమిది నెలల్నీ చేతిలో బెల్లం ముక్కలా కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ దాచుకుంటున్నాడు.

అన్నలిద్దరికీ కత్తులైతే కట్టారు గాని పని మాత్రం ఇవ్వలేదు. సింహాసనం ఎప్పుడొస్తుందా అని పెద్దవాడూ, సైన్యం ఎప్పుడు అప్పజెబుతారా అని నడిమివాడూ మేడ మీద కూర్చుని ఆవులించేవాళ్ళు.

ఒక మిట్టమధ్యాహ్నం అలాగే కూర్చున్నారు. సుకేతుడు పక్కనే నేరేడు చెట్టెక్కి, నాలుక నల్లగా చేసుకుని, కాళ్ళూపుకుంటున్నాడు. కింద వీధిలో ఖాళీ జోలె భుజాన వేసుకుని ఒక బైరాగి వెళ్తున్నాడు.

"అబ్బ! పొద్దు పోవట్లేదురా తమ్ముడూ," అన్నాడు జయకేతుడు.

"నాకూ పొద్దు పోవట్లేదన్నయ్యా," అన్నాడు వీరకేతుడు.

బైరాగి టక్కున ఆగాడు. "ఏమన్నారు నాయనా? ముసలి చెవులు, వినబడలేదు."

"పొద్దు పోవట్లేదన్నాం!"

"చెవుడు నాయనా, ఇంకొక్కసారి!"

"పొద్దు పోవట్లేదయ్యా మహానుభావా!" అని ఇద్దరూ గొంతు చించుకున్నారు.

"పోవట్లేదా? అయ్యో పాపం! దానికేం భాగ్యం, నేను పట్టుకుపోతాలెండి," అన్నాడు బైరాగి. జోలె దానంతటదే నోరు తెరిచింది. మేడ మీదనుంచి ఒక వెచ్చని గాలి సుడి తిరిగి అందులోకి దూరింది. బైరాగి దాని మూతి బిగించి, పడమటి సముద్రం వైపు నడిచిపోయాడు.

సుకేతుడు చెట్టు దిగి చూసేసరికి, అన్నలున్న చోట ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకరికి పొట్ట, ఇంకొకరికి బట్టతల. లేవబోతే మోకాళ్ళు కిర్రుమన్నాయి.

"ఒరేయ్, నాకేమైందిరా? నా పాతికేళ్ళేవిరా?" అని జయకేతుడు చేతులు చూసుకుని ఘొల్లుమన్నాడు. పాతికేళ్ళు పోయాయి. పెళ్ళి లేదు, యుద్ధం లేదు, చెప్పుకోవడానికి ఒక్క ముచ్చటైనా లేదు, వయసు మాత్రం వచ్చి కూర్చుంది. రాజుగారికి నలభై ఆరు, పెద్దకొడుక్కి నలభై మూడు. తండ్రీకొడుకులు అన్నదమ్ముల్లా ఎదురెదురుగా నిలబడి నోళ్ళు వెళ్ళబెట్టారు.

"నేను వెళ్ళి అన్నల పొద్దు తెస్తాను," అన్నాడు సుకేతుడు.

"నువ్వా? ఇంకా చిన్నవాడివి," అన్నాడు రాజు.

సుకేతుడికి ఏడుపొచ్చింది.

"ఇంత పెద్దవాడివి, ఏడుస్తావేంట్రా?" అంది రాణి.

"ఒక్క గడియలో చిన్నవాణ్ణీ పెద్దవాణ్ణీ ఎలా అయ్యానమ్మా? ఏదో ఒకటి తేల్చండి!"

ఎవరూ తేల్చలేకపోయారు. వాడే తేల్చుకున్నాడు. నాలుగు నెలలు వెళ్ళడానికి, నాలుగు నెలలు రావడానికి అనుకున్నాడు. అంటే దాచుకున్న ఎనిమిది నెలలూ సరి. గుండె చివుక్కుమంది. అయినా అమ్మ చేతి ముద్ద మూడుసార్లు తిని, నేరేడు చెట్టును ఒకసారి నిమిరి, "వెళ్ళొస్తానమ్మా" అని బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక అమ్మాయి పడవ పగుళ్ళకు జిగురు పూస్తోంది. పడవవాళ్ళ పిల్ల, పేరు ముత్యాలు, పధ్నాలుగేళ్ళు. పక్కన ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. సుకేతుడు ఒక పక్క, ముత్యాలు ఒక పక్క పట్టి దాన్ని బోర్లా తిప్పారు.

"బతికించారు బిడ్డల్లారా," అంది తాబేలు. "అబ్బాయీ, నీ ముఖం చూస్తే జోలెవాడి కోసం వచ్చినట్టున్నావు. మూడు మాటలు చెబుతాను, చెవిన పెట్టుకో. వాడు బైరాగి కాదు, మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల ఉంటాడు. ఇది మొదటి మాట. వాడి ప్రాణం వాడి దగ్గర లేదు, పంజరంలో చిలక దగ్గరుంది. ఇది రెండోది. ఎవరి పొద్దు పోవట్లేదో వాళ్ళు మూడుసార్లు ఆ మాట అంటే చాలు, జోలె నోరు తెరుస్తుంది. దాన్ని తెరిచేదీ ఆపేదీ మాంత్రికుడు కాదు. అక్కడ ఏం చేసినా ఆ మాట మాత్రం అనకు. ఇది మూడోది."

"పడవ నాది. నేను నడుపుతాను దొరబాబూ," అంది ముత్యాలు. "ఏడు సముద్రాలున్నాయని మా నాన్న చెబితే ఒక్కటే చూశాను. మిగతా ఆరూ చూడొద్దూ?"

తాబేలును ముందు పెట్టుకుని ఇద్దరూ బయల్దేరారు.

ఆ ప్రయాణం ఏమని చెప్పను! మొదటి సముద్రం మజ్జిగలా తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. రెండోదానిలో చేపలు నీటిమీదికొచ్చి తలలూపుతూ కూనిరాగాలు తీశాయి. మూడోది ఎంత పలచనంటే, అడుగున నిద్రపోతున్న ఊళ్ళూ, ఆ ఊళ్ళలో ఆరేసిన చీరలూ కనిపించాయి. పైన సూర్యుడు ఒక్కచోటే నిలబడ్డాడు. సాయంత్రం అన్నది లేదు. ముత్యాలు తెడ్డు వేసేది, వాడు అందుకునేవాడు. వాడు కథ చెప్పేవాడు, ఆమె తప్పులు పట్టేది. దెబ్బలాడుకున్నారు, మాట్లాడుకోలేదు, మళ్ళీ మాట్లాడుకున్నారు. అంతా ఒక్క పూటలా ఉంది.

నాలుగో సముద్రంలో సుకేతుడి చొక్కా చేతులు మోచేతుల దాకా వచ్చాయి. "ఉప్పునీళ్ళు కదా, బట్ట కుంచించుకుపోయింది," అన్నాడు.

అయిదో సముద్రంలో వాడి గొంతు బొంగురుపోయింది. "ఉప్పుగాలి కదా, గొంతు పట్టేసింది," అన్నాడు.

ఆరో సముద్రంలో మూతిమీద నల్లగా ఏదో కనిపించింది. "పడవ జిగురు అంటుకుంది," అన్నాడు.

"రుద్దు, పోతుందేమో," అని ముత్యాలు పగలబడి నవ్వింది. ఆమె పరికిణీ కూడా కాలి పిక్కల మీదికి వచ్చింది గాని, ఆ సంగతి ఆమె ఎత్తలేదు.

ఏడో సముద్రం దాటితే దీవి. దీవి మీద కోట. కోట నిండా కుండలు, ప్రతి కుండ మీదా ఒక పేరు. మాంత్రికుడు గుమ్మంలో నిలబడి, "రా నాయనా! మూడు రోజులు నా ఇంట ఉండి వెళ్ళు. నీకు పొద్దెలా పోతుందో చూస్తాను," అని మీసం దువ్వాడు.

మొదటి రోజు ఖాళీ గదిలో పెట్టి తలుపేశాడు. నాలుగు సున్నపు గోడలు, ఇంకేమీ లేదు. సుకేతుడు గోడ మీద పగుళ్ళు చూస్తూ కూర్చున్నాడు. ఒక పగులు నదిలా ఉంది, ఒక పెచ్చు ఏనుగులా ఉంది. ఏనుగును నది దాటించేసరికి సాయంత్రమైంది.

రెండో రోజు మాంత్రికుడు తన వంశ చరిత్ర ఎత్తుకున్నాడు. ఏడు వందల మంది ముత్తాతలు, అందరూ గొప్పవాళ్ళే. సుకేతుడు ప్రతి ముత్తాత దగ్గరా ఆపి, "ఆయన భార్య పేరేమిటండీ? వంట బాగా చేసేదా?" అని అడిగాడు. మూడు వందలవ ముత్తాత దగ్గర మాంత్రికుడికే ఆవులింతలొచ్చాయి. నోరు జారబోయి గబుక్కున నాలుక కరుచుకున్నాడు.

మూడో రోజు ఒక గదిలోకి తీసుకెళ్ళాడు. మధ్యన బంగారు పంజరం, అందులో చిలక. "కదలకుండా ఈ చిలకను చూస్తూ కూర్చో," అని, జోలె ఒళ్ళో పెట్టుకుని తను గుమ్మంలో కూర్చున్నాడు.

"అయ్యగారు చల్లగా ఉండాలి," అంది చిలక. కాసేపాగి, "అయ్యగారు చల్లగా ఉండాలి," అంది. అదొక్కటే దానికి నేర్పారు.

సుకేతుడు దాన్నే చూశాడు. రెక్కలున్నాయి గాని ఎగిరిన జాడ లేదు. వాడికి నిజంగానే జాలేసింది. ఆ జాలి వెనకే మెరుపులా ఒక ఆలోచన వచ్చింది.

"చిలకమ్మా, ఏమైనా తిన్నావా?"

చిలక తల తిప్పింది. వెయ్యేళ్ళలో దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. "తిన్నాను నాయనా," అంది.

"నీకు పొద్దెలా పోతుంది తల్లీ?"

చిలక కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏం చెప్పను నాయనా? పొద్దు పోవట్లేదు."

మాంత్రికుడు ఉలిక్కిపడి లేచాడు. చిలకకు మాత్రం వెయ్యేళ్ళ దిగులు ఒక్కసారి పొంగుకొచ్చింది. "పొద్దు పోవట్లేదు," అని వెక్కింది. మాంత్రికుడు దాని ముక్కు మూయడానికి పరుగెత్తాడు. సుకేతుడు కాలు అడ్డం పెట్టాడు. వాడు బోర్లా పడేలోగా, "పొద్దే పోవట్లేదు నాయనా!" అంది మూడోసారి.

జోలె నోరు తెరిచింది. చిలక దగ్గర దాచుకున్న మాంత్రికుడి ఆయుష్షంతా సుడి తిరిగి అందులో పడింది. వాడి చోట పిడికెడు బూడిదా, ఒక జత పావుకోళ్ళూ మిగిలాయి. చిలకకు చిలక ఆయుష్షు మిగిలింది. సుకేతుడు పంజరం తీశాడు. అది రెండుసార్లు తడబడి, ఎగిరిపోయింది.

అప్పుడు తాబేలు గుమ్మంలోకి వచ్చింది. "మూడు రోజులు నడిచి ఇప్పుడే చేరాను. ఏమైనా జరిగిందా?" అంది.

ముత్యాలు పడవ దగ్గరనుంచి వచ్చి అన్నల కుండలు వెతికి తెచ్చింది. కుండ పక్కన ఇత్తడి పళ్ళెం ఉంటే సుకేతుడు అందులో చూసుకున్నాడు. ఎవరో మీసాల మనిషి కనిపించాడు. వెనక్కి తిరిగి చూశాడు, ఎవరూ లేరు.

"సముద్రానికి ఏడాది చొప్పున ఏడేళ్ళు బాబూ," అంది తాబేలు. "పైన సూర్యుడు నిలబడినట్టు కనబడ్డాడు గాని, పొద్దు ఎక్కడా ఆగలేదు."

సుకేతుడు కుండల మధ్య పరుగెత్తాడు. ఒక్కో పేరూ చదివాడు. తన పేరు లేదు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. లేదు.

"నీది ఇక్కడెందుకుంటుందయ్యా? ఎవరూ ఎత్తుకుపోలేదు కదా. నువ్వే వాడుకున్నావు," అంది తాబేలు.

వాడు కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తాబేలు నెమ్మదిగా అంది: "చెప్పకపోతే దోషం. ఆ కుండలు నువ్విక్కడే తెరిస్తే ఆ పొద్దు నీదవుతుంది. మళ్ళీ పదిహేనేళ్ళవాడివవుతావు. మీ అన్నలు అలాగే ఉండిపోతారు."

సుకేతుడు కుండ చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది. మూతకు చెవి పెడితే లోపల ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు, నవ్వులు. చెయ్యి మూత మీదే ఉంది. ముత్యాలు పక్కన కూర్చుని, "నేనూ వెతుక్కున్నాను. నా పేరూ లేదు," అంది.

వాడు ఆమెను చూశాడు. కుండ తెరిస్తే మూడో సముద్రంలో చీరలు ఆరేసిన ఊళ్ళు పోతాయి. ఆమెతో దెబ్బలాటలు పోతాయి. తలపాగా చింపి కుండల మూతులకు గట్టిగా వాసెన కట్టాడు. ఆ ముడులు తనకే ఊడిరానంత గట్టిగా.

వెనక్కి వెళ్ళడానికి మళ్ళీ ఏడేళ్ళు ఎవరు పెడతారు? మాంత్రికుణ్ణి సముద్రాలు దాటించిన పావుకోళ్ళున్నాయిగా! మిగతా కుండల మూతులన్నీ తాబేలు నిదానంగా తీస్తూ ఉంటానంది, ఎవరి పొద్దు వాళ్ళ ఊరికి ఎగిరిపోవడానికి. వాళ్ళిద్దరూ చెరో పావుకోడు తొడుక్కుని, పడిపోకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, రెప్పపాటులో మొగలికోనలో దిగారు.

అరుగు మీద అన్నలు దగ్గుతూ కూర్చున్నారు. సుకేతుడు వెనకనుంచి వెళ్ళి కుండలు తెరిచాడు. వెచ్చని గాలి వీచింది. పొట్ట పోయింది, బట్టతల పోయింది, మధ్యలో గడిచిన ఏడేళ్ళూ పోయాయి; పొద్దు పోయిన నాటి పద్దెనిమిదేళ్ళవాడూ, పదిహేడేళ్ళవాడూ అయ్యారు. ఇద్దరూ గంతులేసుకుంటూ లేచి, ఎదురుగా నిలబడిన మనిషిని చూసి తగ్గారు. నమస్కారం పెట్టారు.

"అయ్యా, మీరు దూరం నుంచి వచ్చినట్టున్నారు," అన్నాడు జయకేతుడు. "దారిలో మా తమ్ముడు కనిపించాడా? వెళ్ళేటప్పుడు పదిహేనేళ్ళవాడు. నాలుక నల్లగా ఉంటుంది."

సుకేతుడు ఖాళీ కుండలు కింద పెట్టాడు.

"కనిపించాడు," అన్నాడు. "మంచివాడు. మీకోసం చాలా దూరం వెళ్ళాడు. వాడిక రాడు నాయనా. నేనొచ్చాను."

అన్నలిద్దరూ వాడి ముఖంలోకి చూశారు. చూసి చూసి, మెల్లగా గుర్తుపట్టారు. లోపలినుంచి రాణి వచ్చింది. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఎంత పొడుగయ్యావురా కన్నా! వంగు," అని మెడ పట్టుకుని వంచి, తల మీద ముద్దుపెట్టుకుంది. వాడు ఆమె భుజం మీద కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత పెద్దవాడివి ఏడుస్తావేం అని ఎవరూ అనలేదు.

నెల తిరక్కుండా సుకేతుడికీ ముత్యాలుకూ పెళ్ళి జరిగింది. ముగ్గురిలో వయసులో పెద్దవాడు ఇప్పుడు అతనే కాబట్టి రాజుగారు కిరీటం అతనికే పెట్టారు. అన్నలు మొదట తమాషాకి "అన్నయ్యా" అన్నారు, తర్వాత అలవాటైపోయింది. యాభై ఏళ్ళు రాజ్యం చేశాడు. ఆ యాభై ఏళ్ళూ ఎలా గడిచాయో తెలియలేదని ముత్యాలు అంటే, "నాకు తెలుసు, ఒక్కొక్కటే చెబుతా, కూర్చో" అని అతను మొదలుపెట్టేవాడు.

అంతే, కథ ఒడ్డు చేరింది. ఇంకా నా ముఖం చూస్తారేం? బయట బోలెడు ఎండుంది, వెళ్ళి ఆడుకోండి.