తుప్పు మీద పోసిన ఇత్తడి

హుసేనయ్య మేస్త్రిని ప్రశ్న అడిగితే జవాబుకు బదులు పని దొరుకుతుందని మదనపల్లెలో ఆయన దగ్గర సైకిళ్ల పని నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు. నలభై ఏళ్లుగా ఫ్రేములు సరిచేస్తున్నాడు గానీ ఒక్కరినీ కూర్చోబెట్టి బోధించింది లేదు. అందుకే ఆయన శిష్యుల్లో పెద్దవాడైన శేషాచారి ఒకరోజు పొద్దున్నే ఎదుటికి వచ్చి, "మేస్త్రీ, ఒకసారి అతికితే ఊడిపోయినదాన్ని మళ్లీ అతికి నమ్మచ్చునా?" అని అడిగినప్పుడు, ఆయన గోడకు ఆనించి ఉన్న సైకిల్ వైపు చెయ్యి చూపించి, దాని రంగంతా గీకి తీసెయ్యమన్నాడు.

ఆ సైకిల్ సంగతి శేషాచారికి తెలియనిది కాదు. ముప్పై అయిదేళ్ల కిందటి ఉక్కు ఫ్రేము, కొండదారుల కోసం తయారైనది. ఎవరో విదేశీ టీచరు తన దేశానికి వెళ్లిపోతూ, తనతో పనిచేసిన డ్రిల్లు టీచరు దమయంతికి ఇచ్చి పోయాడు. ఇరవై ఏళ్లపాటు ఆవిడ ప్రతి ఆదివారమూ దాని మీదే హార్సిలీ కొండ ఎక్కి దిగేది. రెండేళ్ల కిందట పెడల్ ఇరుసు దగ్గర కింది పైపు చిట్లితే, ఇత్తడి కరిగించి అతికినవాడు శేషాచారే. మర్నాడే కొండ దిగుతూ, కింది నుంచి మూడో మలుపులో ఆవిడ పడిపోయింది. భుజం ఎముక విరిగింది. మలుపులో కంకర తేలి ఉందనీ, పడిన దెబ్బకే పైపు విడిపోయిందనీ ఊళ్లో అందరూ అనుకున్నారు. శేషాచారి ఆ మాటను అవుననలేదు, కాదనీ అనలేదు. ఆనాటినుంచి మాత్రం గ్యాసు టార్చి ముట్టలేదు. తాతముత్తాతలనుంచి కొలిమి దగ్గర బతికిన ఇంట పుట్టినవాడు, ఆకురాయితో అరగదీయడం, రంగులు వేయడం, ఇంతటితో సరిపెట్టుకుంటూ వచ్చాడు.

ఆ వారం మొదట్లోనే దమయంతి సైకిల్‌ను ఆటోలో తెచ్చి దించింది. భుజం ఎప్పుడో నయమైందనీ, ఇక తాను ఎక్కబోయేది లేదనీ, అయినా వరండాలో అది తుప్పుపట్టి పోతుంటే చూడలేకపోతున్నాననీ మేస్త్రితో చెప్పి వెళ్లింది. లోపల రంగు కలుపుతున్న శేషాచారి బయటికి రాలేదు.

రంగు తీయడానికి మూడు రోజులు పట్టింది. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద మట్టి రంగు. అదీ వదిలాక హ్యాండిల్ దిగే పైపు మొదట్లో వెంట్రుకంత సన్నగా పసుపు గీత ఒకటి కనిపించింది. అతను వంగి చూశాడు. ఇత్తడి అతుకు. ఆవిడ చేతికి రాకముందే ఏ ఊళ్లోనో ఎవరో చేసిన పని. ఇరవై ఏళ్లు కొండరోడ్డు కుదుపులన్నీ తిన్నది, అయినా గోటితో మీటితే పైపు గంటలా పలికింది. తర్వాత కిందికి వచ్చి తన అతుకు చూసుకున్నాడు. పైకి నున్నగా, అందంగా ఉంది. విడిపోయిన చోట లోపల నల్లటి పొర ఉంది, దాని వెనక ఎర్రటి పొడి. ఆ శనివారం సాయంత్రం అతనికి గుర్తుకొచ్చింది. తెల్లారితే ఆవిడ కొండకు వెళ్లాలి. పైపు లోపల తుప్పు ఉందని చూశాడు. తుడిచే ఓపిక లేక, అతుకు పట్టించే వెలిగారం పొడి చల్లి, దాని మీదే ఇత్తడి పోశాడు. గుర్తుకు రావడమనే మాట కూడా సరికాదేమో, రెండేళ్లలో అతను దాన్ని మరిచిపోయిందెప్పుడు?

మేస్త్రి వచ్చి పైపు నోట్లో వేలు పెట్టి తీసి, వేలికంటిన పొడిని వెలుతురులో చూశాడు. "ఈ ఇత్తడి దేన్ని పట్టుకొనుండె, శేషా?" అని అడిగి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం శేషాచారి దమయంతి ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ కోపంతో నాలుగు మాటలంటే బాగుండునని అతనికి అనిపించింది. ఆవిడ తన అరచేతుల వంక చూసుకుంటూ, "బ్రేకు ఆలస్యంగా పట్టింటానని రెండేళ్లుగా ఈ చేతుల్నే తిట్టుకుంటాండా. నాకు వయసైపోయిందని పిల్లలకు ఆటలు నేర్పడం కూడా మానేస్తి," అంది. కూర్చోమనలేదు. అతను వెనుదిరిగి ఎండలో నడిచి వచ్చాడు. తన మౌనం ఇంకొకరి ఇంట్లో ఇంత పని చేసిందని అంతవరకూ అతనికి తట్టలేదు.

నాలుగో రోజు ఆవిడే దుకాణానికి వచ్చింది. స్టూలు లాక్కొని కూర్చుని, పని ఎంతవరకు వచ్చిందని అడిగింది. ఎవరు అతుకుతారని అడగలేదు. మేస్త్రి వీపు తిప్పుకుని ఏదో చక్రానికి ఊచలు బిగిస్తున్నాడు. శేషాచారి కుళ్లిన పైపు ముక్క కోసేసి, కొత్తది కొలిచి, లోపలా బయటా తెల్లటి ఉక్కు కనిపించేదాకా రుద్దాడు. రెండేళ్ల తర్వాత టార్చి వెలిగించాడు. వెలిగారం గాజులా కరిగింది. ఇత్తడి చుక్క తాకగానే, ఎన్నాళ్లుగానో దాహంతో ఉన్నట్టు సందు దాన్ని లోపలికి పీల్చుకుంది. తర్వాత పాత ఆకుపచ్చ రంగే వేశాడు. రెండు అతుకులూ దాని కింద కనబడకుండా పోయాయి.

ఆదివారం కొండపైకి జీపులో సైకిల్ చేర్చారు. ముందు తానే కిందిదాకా తొక్కుతాననీ, ఏదైనా అయితే తనకే కానిమ్మనీ శేషాచారి పట్టుబట్టాడు. దమయంతి ఒప్పుకోలేదు. "సగం దారి నువ్వు, సగం నేను," అంది. నిట్టనిలువుగా ఉండే పైభాగమంతా అతను దిగాడు. తాను పడిన ఆ మూడో మలుపుకు కాస్త ఎగువన, జీపులో ముందే వచ్చి నిలబడి ఉంది ఆవిడ. సైకిల్ అందుకుంది. ఒక్క క్షణం బ్రేకుల మీద వేళ్లు ఆనించి చూసుకుంది. తర్వాత ఎక్కి కూర్చుని మలుపు తిరిగిపోయింది. అతను జీపెక్కకుండా ఆ దారంతా నడిచే దిగాడు, చెవులు రోడ్డుకు అప్పగించి.

కొండ కింద టీ అంగడి ముందు మేస్త్రి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కాస్త అవతల దమయంతి చెదిరిన జుట్టు ముడివేసుకుంటూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. చెమటలు కారుతూ వచ్చి నిలబడ్డాడు శేషాచారి.

"నిలిచింది మేస్త్రీ," అన్నాడు.

మేస్త్రి అతని కోసం బెంచీ మీద చోటిచ్చి, దమయంతి వైపు ఒకసారి చూసి, "ఏది?" అన్నాడు.