తడిసిన పొడి

పరాంకుశం గారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ జాతీయ ప్రయోగశాలలో ఆయన దగ్గర చేరిన ప్రతి విద్యార్థీ ముందుగా విసుక్కునేది దీనికే.

సువర్చల కూడా ఓ రోజు ఉండబట్టలేక అడిగేసింది. "కొత్త బ్యాటరీకి ఏ పదార్థం పనికొస్తుందో ఏఐ చిటికెలో చెబుతోంది. మీరేమో అడుగడుగునా ఆగమంటారు. మీకు దానిమీద నమ్మకం లేదా సార్?"

"అది మొట్టమొదట చెప్పిన పదార్థాన్ని తయారుచెయ్యమ్మా," అన్నారాయన.

చేసింది. ఫర్నేసులోంచి తెల్లటి పొడి వచ్చింది. దాన్ని బిళ్ళగా నొక్కి కొలిచి చూస్తే, కృత్రిమ మేధ చెప్పినంత చక్కగానూ విద్యుత్తు పారింది. సువర్చల పరుగున గురువుగారి గదికి వెళ్ళేసరికే వార్త డైరెక్టరు గారికి చేరిపోయింది. ఆయన విలేఖరులను పిలిపించే హడావిడిలో పడ్డారు.

"మళ్ళీ చెయ్యి," అన్నారు పరాంకుశం గారు.

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా చేసింది. ఈసారి విద్యుత్తు పారలేదు. ఇంకోసారి చేసినా అంతే. ఎందుకిలా అని కృత్రిమ మేధనే అడిగితే కారణాలు గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. ఏది చూసినా నమ్మేట్టుగానే ఉంది.

"ఇన్ని చెప్పావు, ఒక్కటైనా చేసి చూశావా?" అని తెరను కసిరింది సువర్చల. కసిరాక తనకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చేసి చూడాల్సింది తనే కదా! ఒక్కో కారణాన్నీ పట్టుకుని పరీక్షిస్తూ పోయింది. ఆఖరికి తేలిందేమిటంటే, మొదటిసారి చేసిన రోజు ముసురు పట్టింది. బిళ్ళ నొక్కేలోపు పొడి గాలిలోని తేమను పీల్చుకుంది. కావాలని మళ్ళీ తేమ తగలనిస్తే విద్యుత్తు పారింది, ఆరబెడితే ఆగిపోయింది.

గురువుగారితో కలిసి డైరెక్టరు గారి గదికి వెళ్ళింది. విషయం తనే చెప్పింది. "ఆ గొప్పదనం పదార్థానిది కాదు సార్. తడిది."

డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. "విలేఖరులకు కబురు వెళ్ళిపోయిందమ్మా! ఏఐ పుణ్యమా అని మాకు ఎన్నో ఏళ్ళ సమయం మిగిలిందని పైవాళ్ళకు కూడా చెప్పేశాను. ఇప్పుడేం చెయ్యమంటారు పరాంకుశం గారూ?"

"ఏళ్ళు మిగిలాయి కదండీ," అన్నారు పరాంకుశం గారు. "అందులోంచి ఓ నెల ఈ అమ్మాయికి ఇవ్వండి, చేసి చూడ్డానికి."