చేతి చలవ

అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు పైడాచారి గారికి లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని తగిలించి, ఆ పనిచేతే చెప్పించేవారు. అందుకని ఆయన దగ్గర నోరు తెరవడానికి శిష్యులు కాస్త వెనకాడేవారు. సూర్యలింగం మాత్రం ఆ రోజు ఆగలేకపోయాడు.

ఆయన ఇంటి చావిట్లో ఉన్నది ఒక్కటే లేతు. దానిమీద గిర్రున తిరిగే కర్రకు ఉలి ఆనించి ఏళ్ళ తరబడి మంచంకోళ్ళూ బొంగరాలూ తీశారు. చూపు మందగించాక ఆ పని ఇద్దరు శిష్యులకూ, సూర్యలింగానికీ గౌరీసుకీ, వదిలేశారు. పట్నంలో పిల్లలకు బేస్‌బాల్ నేర్పే మేస్టారొకాయన వచ్చి బ్యాట్లు చేసిపెట్టమని అడిగినప్పుడు, ఎవరి బ్యాటు ఆయనకు నచ్చితే ఇకమీదట లేతు వాళ్ళదేనని గురువుగారు అనేశారు.

బ్యాటంటే చూడ్డానికి రోకలే. కాకపోతే పట్టుకునే చోట మూరెడు పొడవున సన్నబడుతుంది. ఆ మూరెడు దగ్గరే సూర్యలింగం పరువు పోయింది. సన్నబడేకొద్దీ కర్ర ఒణికేది, ఒణికినచోటల్లా అలలు అలలుగా గీతలు పడేవి. గౌరీసు తీసిన బ్యాటు మీద చెయ్యి వేస్తే జారిపోయేది. మేస్టారు దాన్ని నిమిరి నిమిరి చూసి, ఇదంతా గౌరీసు చేతి చలవ అని మెచ్చుకుని, ఇంకో విడత చూసి తేలుస్తానని వెళ్ళాడు. ఆ మాట సూర్యలింగం చెవిలో సీసం పోసినట్టయింది.

ముందొచ్చినవాడు తను. గౌరీసు నిన్నగాక మొన్న వచ్చాడు, ఉలికి పదును పెట్టడం వాడికి నేర్పిందే తను. అలాంటివాడు లేతు ముందు నిలబడితే, వాడి కాళ్ళ దగ్గర పొట్టు ఊడ్చుకుంటూ బతకాలా అనుకుంటే అన్నం సయించేది కాదు. వాడు పనిచేస్తున్నంతసేపూ కళ్ళలో నిప్పులు పోసుకుని వాడి ఉలినే చూసేవాడు. గుట్టంతా అందులో ఉందనుకుని ఒకసారి వాడికి తెలియకుండా ఉలి మార్చేశాడు కూడా. అయినా గీతలు తన బ్యాటు మీదే పడ్డాయి. దాంతో అనుమానం గురువుగారి మీదికి మళ్ళింది.

“నాకు నేర్పనిది ఆడికేటి నేర్పినారు, గురూగోరూ?” అని అడిగేశాడు.

పైడాచారి గారు కోపగించుకోలేదు. సూర్యలింగాన్ని లేతు ముందు నిలబెట్టి, గౌరీసుని అవతలి పక్కకు పంపి, తిరిగే కర్ర వెనక అరచెయ్యి ఆనించి ఉంచమన్నారు. గౌరీసుకి అది కొత్తకాదు. ఒంటరిగా చేసేటప్పుడూ వాడి ఎడమచెయ్యి కర్ర వెనకే ఉండేది. ఉలి మీదే కళ్ళు పెట్టుకున్న సూర్యలింగానికి ఆ చెయ్యి ఎన్నడూ కనబడలేదు.

సూర్యలింగం ఉలి పెట్టాడు. కర్ర ఒణకలేదు. గీత అన్నది లేకుండా బ్యాటు దిగింది. నాకేం తక్కువ అన్నట్టు దాన్ని ఎత్తి చూపించాడు. గౌరీసు కందిన అరచేతిని లుంగీకి రుద్దుకుంటున్న సంగతి అతనికి పట్టలేదు.

“ఇప్పుడు నువ్వెళ్ళి పట్టరా” అన్నారు గురువుగారు.

గౌరీసు రెండు చేతులా ఉలి పట్టుకుని పని మొదలుపెట్టాడు. సూర్యలింగం కర్ర వెనక అరచెయ్యి ఆనించాడు. సెగ తగిలింది. సెగనైతే ఓర్చుకునేవాడే. కానీ ఎదటివాడి ఉలి ఎంత తేలిగ్గా, ఎంత నమ్మకంగా నడుస్తోందో అరచేతికి తెలిసిపోయింది. అది మాత్రం ఓర్వలేకపోయాడు. చెయ్యి తీసేశాడు. తీసినవాడు మళ్ళీ పెట్టలేదు. కర్ర కీచుమని ఒణికింది.

లేతు ఆగేసరికి మూరెడు పొడవునా గీతలే. గౌరీసు ఒక్కసారి సూర్యలింగం ముఖంలోకి చూసి తల దించుకున్నాడు.

“నా ఉలే ఒణికింది, గురూగోరూ” అన్నాడు.

గురువుగారు ఆ బ్యాటును తడిమి చూశారు. తరవాత ఇద్దరి అరచేతులూ అందుకుని తడిమారు. గౌరీసు చెయ్యి ఇంకా కాలుతూనే ఉంది. సూర్యలింగం చెయ్యి చల్లగా ఉంది. ఆ చేతిని ఆయన చాలాసేపు వదల్లేదు. సూర్యలింగానికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

చివరికి ఆయన గీతల బ్యాటు తెచ్చి ఆ చేతిలోనే పెట్టారు.

“నువ్వు తీసిన బేటుందే, అది గౌరీసు సేతి సలవరా” అన్నారు. “ఇది నీ సేతి సలవ.”