వార్డు తలుపు దగ్గర బాంగు

వేములదిన్నె సర్కారు ఆసుపత్రిలో ప్రసూతి వార్డుకి సత్యవేణి అనే హెడ్ నర్సు ఉండేది. ఆమె చెయ్యి ఎంత చల్లనిదో, గుండె అంత పిరికిది.

ఆ చేతుల సంగతి ఊరందరికీ తెలుసు. అడ్డం తిరిగిన బిడ్డనైనా, ఏడవని బిడ్డనైనా ఆమె పట్టుకుంటే తల్లులకి ధైర్యం వచ్చేది. కానీ ఎవరైనా గొంతు పెంచారా, ఇక అంతే! తప్పు తనది కాకపోయినా "సరేనండీ, సరేనండీ" అనేసేది. సూపరింటెండెంటు గారి చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఏ నేరమూ చెయ్యకపోయినా చీర కొంగు సర్దుకునేది. ఎక్కడ బదిలీ చేసేస్తారోనని ఆమె భయం. కూతురి చదువు ఇక్కడే, మంచాన పడ్డ అమ్మ ఇక్కడే. ఎవరితోనూ గొడవ పడకపోతే ఎవరూ తన జోలికి రారని ఆమె గట్టి నమ్మకం.

ఆ వార్డులోకి మగవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. అందుకని సత్యవేణి ఒక పద్ధతి పెట్టుకుంది. ముస్లిముల ఇంట బిడ్డ పుడితే, శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి, తనే వార్డు తలుపు దగ్గరకి తెచ్చేది. బయట నిలబడ్డ తాతో తండ్రో చేతులు కడుక్కుని, నెత్తిన రుమాలు వేసుకుని, బిడ్డ కుడి చెవి దగ్గరకి వంగి బాంగు చెప్పేవాడు. మసీదు మీద నుంచి వినిపించేది ఆ బాంగే. ఇక్కడ మాత్రం గుసగుసగా చెప్పేవాడు. బిడ్డ చెవిన పడే మొదటి మాట దేవుడి మాట కావాలని వాళ్ళ కోరిక. చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోయేది. పక్క మంచం మీద బాలింతకి కూడా వినపడేది కాదు.

ఆ వెసులుబాటు వాళ్ళకొక్కళ్ళకే అనుకునేరు! "నక్షత్రం బాగోలేదమ్మా, శాంతి జరిగేదాకా తండ్రి బిడ్డ మొహం చూడకూడదు" అని ఎవరైనా అంటే, ఆ తండ్రికి ఎదురుపడకుండా బిడ్డని వెనక వరండాలోంచి తీసుకెళ్ళేది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తానంటే, అదే తలుపు దగ్గర బిడ్డ తల మీద చెయ్యి పెట్టనిచ్చేది. బిడ్డకి ఇబ్బంది లేనంత వరకూ సత్యవేణి ఎవరినీ కాదనేది కాదు.

ఒకసారి సిమెంటు కొట్టు కాంతారావు కూతురు ఆ వార్డులోనే మగపిల్లాణ్ణి కన్నది. పిల్లాడిది మూలా నక్షత్రం. "సిస్టరుగారూ, మా అల్లుడి కంట పడనియ్యకండి, మీకు పుణ్యముంటుంది" అని కాంతారావు రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు. సత్యవేణి అలాగే చేసింది. ఆ మర్నాడే అదే కాంతారావు, వార్డు తలుపు దగ్గర ఒక ముసలాయన ఎవరో బిడ్డ చెవిలో బాంగు చెబుతుంటే చూశాడు. ఊరుకున్నాడా? సెల్‌ఫోను తీసి వీడియో పట్టాడు. "ఇది సర్కారు ఆసుపత్రా, మసీదా? ఇవాళ ఇది, రేపు వార్డులో నమాజా?" అని రాసి ఊళ్ళో వాళ్ళందరికీ పంపాడు.

సాయంత్రానికి ఊరు రెండుగా చీలింది. టీ కొట్ల దగ్గర అదే మాట, మంగలి షాపులో అదే మాట. ప్రసవాల గదిలో మైకు పెట్టారట అన్నాడొకడు. నర్సులకి డబ్బులిస్తున్నారట అన్నాడింకొకడు. ఇటు నుంచి కౌన్సిలరు జబ్బార్ లేచాడు. "మా వాళ్ళకి ఆసుపత్రిలో ప్రత్యేకంగా ఒక గది కట్టాలి, బోర్డు పెట్టాలి, లేకపోతే గేటు ముందు కూర్చుంటాం" అన్నాడు. గది కావాలని ఏ తల్లీ, ఏ తండ్రీ ఏనాడూ అడగలేదు. ఆ సంగతి కాంతారావుకీ తెలియదు, జబ్బార్‌కీ తెలియదు. తెలిసిన మనిషి సత్యవేణి ఒక్కతే.

ఆమెకి ముద్ద దిగలేదు. ఆ వీడియోలో ఆమె మొహం పడలేదు, బిడ్డని పట్టుకున్న చేతులు మాత్రమే పడ్డాయి. అయినా బస్సులో ఎవరు తనవైపు చూసినా ఆ చేతుల్ని గుర్తుపట్టేస్తారేమోనని కొంగు చాటున దాచుకునేది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. "ఏమైందే, అలా ఉన్నావు?" అని తల్లి అడిగితే, "ఏం లేదమ్మా, ఎండ దెబ్బ" అంది.

మూడో నాడు కాంతారావునీ, జబ్బార్‌నీ కూడా పిలిపించి ఆసుపత్రి కమిటీ కూర్చుంది. కాంతారావు బల్ల గుద్దాడు. జబ్బార్ అంతకంటే గట్టిగా గుద్దాడు. సూపరింటెండెంటు డాక్టర్ పూర్ణచంద్ర మంచివాడే. తలనొప్పి వదిలితే చాలనుకున్నాడేమో, గోడవారగా నిలబడ్డ సత్యవేణి వైపు తిరిగాడు.

"సిస్టర్, అది మీ వార్డు. అక్కడ జరిగేది మీకు తెలిసినంత మాకు తెలియదు. దీనివల్ల ఎప్పుడైనా, ఎవరికైనా ఇబ్బంది కలిగిందా? మీరెలా చెబితే అలా చేద్దాం" అన్నాడు.

చూడండి, పెద్దమనిషి అంత స్పష్టంగా అడిగాడు! "లేదండీ, ఎన్నడూ కలగలేదు. వాళ్ళు అడిగేది గది కాదు, రెండు నిమిషాలు. అలాంటి చిన్న చిన్న కోరికలు అన్ని మతాల వాళ్ళకీ ఉన్నాయి, అందరివీ తీరుస్తూనే ఉన్నాను" అంటే సరిపోయేది. ఆ మాటలు సత్యవేణి గొంతు దాకా వచ్చాయి కూడా. అంతలో కాంతారావు ఆమెవైపు కళ్ళెర్రజేసి చూశాడు. ఇటు జబ్బార్ కూడా చూశాడు. ఏ మాటంటే ఎవరికి కోపమొస్తుందో, ఎవరు ఎవరికి ఫోను చేస్తారో! ఆమె చీర కొంగు సర్దుకుంది.

"నాకేం తెలుసు సార్. పెద్దలు మీరెలా అంటే అలా" అంది.

పూర్ణచంద్ర నిట్టూర్చాడు. ఆ రోజు నుంచి బిడ్డలను వార్డు తలుపు దగ్గరకి తేకూడదని, ఎవరి ఆచారమైనా ఇంటికెళ్ళాక జరుపుకోవాలని ఆర్డరు వేశాడు. కాంతారావు మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు. జబ్బార్ గేటు దగ్గర కాసేపు అరిచి, ఇంకో మీటింగుందని వెళ్ళిపోయాడు. గొడవ చల్లారింది, బదిలీ తప్పింది అనుకుని సత్యవేణి ఆ పూట అన్నం తింది.

తర్వాత కొద్ది రోజులకే షకీలా అనే అమ్మాయి నొప్పులతో వచ్చింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి నిలిచిన కడుపు. భర్త లారీ డ్రైవరు, సరుకుతో ఎక్కడో దారిలో ఉన్నాడు. తోడుగా తల్లి, తండ్రి దస్తగిరి వచ్చారు. దస్తగిరి గొడుగులు బాగుచేసే మనిషి. వరండాలో ఒక మూల కూర్చోకుండా, నిలబడకుండా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

ఆపరేషన్ చేసి పాపని తీశారు. పాప ఏడవలేదు. సత్యవేణి వీపు రుద్దింది, పాదాలు తట్టింది. చివరికి పిల్లిపిల్ల కూతలాంటి చిన్న ఏడుపు వచ్చింది గానీ, ఊపిరి సరిగ్గా అందలేదు. గాజు పెట్టె ఉన్న గదికి మార్చారు. పిల్లల డాక్టరమ్మ చాలాసేపు చూసి బయటికి వచ్చింది.

"ఇప్పుడు కాస్త నిలకడగా ఉంది. మళ్ళీ ఎలా ఉంటుందో చెప్పలేం. ఇంట్లోవాళ్ళని పిలిచి ఒకసారి చూపించండి సిస్టర్" అని మెల్లగా చెప్పింది.

ఆ మాటకి అర్థం ఏమిటో సత్యవేణికి తెలుసు. పాపని చేతుల్లోకి తీసుకుని గది గుమ్మం దాకా వచ్చింది. దస్తగిరి అప్పటికే చేతులు కడుక్కుని, నెత్తిన రుమాలు వేసుకుని ఉన్నాడు. పాప మొహం చూడగానే ఆయన కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"అమ్మా, చెవిలో బాంగు చెబుతాను. ఒక్క రెండు నిమిషాలు" అన్నాడు.

"ఆర్డరు ఉంది తాతా. ఇక్కడ చెప్పకూడదు."

"తెలుసమ్మా. బయటికి వినపడదు. నోటికి గుడ్డ కట్టుకుంటాను. నీ కాళ్ళు పట్టుకుంటాను తల్లీ, లేక లేక పుట్టింది."

డాక్టరమ్మ పక్క గదిలోనే ఉంది. ఒక్కసారి వెళ్ళి అడిగితే కాదనేది కాదేమో. అడుగు కూడా వేసింది. అప్పుడే వరండా చివర నిలబడ్డ ఒకతను సెల్‌ఫోను పైకెత్తాడు. వీడియో తీస్తున్నాడు! మళ్ళీ ఊరంతా, మళ్ళీ కమిటీ, మళ్ళీ తన చేతులు! ఆమె చటుక్కున పాపతో లోపలికి తిరిగింది.

"రేపు చూద్దాం తాతా. రేపు పెద్ద డాక్టరుగారిని అడిగి చెప్పిస్తాను" అంటూ తలుపు వేసేసింది.

అతను వీడియో తియ్యలేదు. సిగ్నల్ అందక ఫోను పైకెత్తాడు, అంతే.

ఆ పాప పొద్దు వాలకముందే పోయింది. డాక్టరమ్మా, సత్యవేణీ చెయ్యగలిగినదంతా చేశారు. అందులో ఏ లోటూ లేదు. పాపని తెల్లగుడ్డలో చుట్టి దస్తగిరి చేతుల్లో పెట్టినప్పుడు, ఆయన తిడతాడని సత్యవేణి కాచుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు.

"నీ చేతుల్లో తప్పు లేదమ్మా. అల్లా పసిబిడ్డల్ని ఏ లెక్కా అడగడు. ఈ పాపకి వచ్చిన లోటేం లేదు" అన్నాడు. పాప మీది గుడ్డ సర్దాడు. "కానీ షకీలా అడుగుతోంది. మత్తు వదిలిన దగ్గర్నుంచి ఒకటే మాట. పాప చెవిలో బాంగు పడిందా అని. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు తల్లీ."

సత్యవేణి బట్టలు మార్చుకునే గదిలోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది. ఎవరూ పిలవకుండా ఆమె ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదలు. "సార్, కమిటీని పిలవండి. ఆ రోజు మీరడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. ఇవాళ చెబుతాను" అంది. ఈసారి కొంగు సర్దుకోలేదు.

కమిటీ కూర్చుంది. సత్యవేణి తన పద్ధతి మొత్తం చెప్పింది. బాంగు ఎంతసేపు చెబుతారో, ఎంత మెల్లగా చెబుతారో చెప్పింది. గది ఎవరూ అడగలేదని జబ్బార్ మొహం మీదే చెప్పింది. పాస్టరు గారి ప్రార్థన గురించి చెప్పింది. తర్వాత కాంతారావు వైపు తిరిగింది.

"మీ మనవణ్ణి మీ అల్లుడికి కనపడకుండా వెనక వరండాలోంచి తీసుకెళ్ళింది ఎవరండీ? అదీ సర్కారు ఆసుపత్రే కదా?"

"అది వేరు..." అన్నాడు కాంతారావు. తర్వాత ఏమనాలో తోచక చేతిలో ఉన్న ఫోనుని జేబులో పెట్టేసుకున్నాడు. అప్పుడు సత్యవేణి షకీలా పాప సంగతి చెప్పింది. జబ్బార్ తల వంచుకున్నాడు.

డాక్టర్ ఒప్పుకుంటే, బిడ్డకి హాని లేకపోతే, ఏ మతం వాళ్ళైనా తలుపు దగ్గర రెండు నిమిషాలు తమ ఆచారం జరుపుకోవచ్చని ఆర్డరు మార్చారు. ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. బల్ల ఎవరూ గుద్దలేదు. టీలు వచ్చేలోపే అంతా అయిపోయింది. ఇంత సులువుగా అయిపోయే పనా ఇది అనుకుంది సత్యవేణి.

షకీలాని ఇంటికి పంపే రోజున ఆమె పరుగున గేటు దాకా వెళ్ళింది. దస్తగిరి కూతుర్ని ఆటో ఎక్కిస్తున్నాడు. షకీలా ఒడిలో బట్టల సంచీ ఉంది.

"తాతా, ఆ ఆర్డరు తీసేశారు. నేను చెప్పాను. తీసేశారు" అంది సత్యవేణి ఆయాసపడుతూ.

దస్తగిరి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"మంచి పని చేశావమ్మా. ఇక మీదట పుట్టే బిడ్డలకి మేలు" అని ఆటో ఎక్కాడు.

షకీలా మాత్రం తల తిప్పలేదు. ఆటో మలుపు తిరిగేదాకా సత్యవేణి అక్కడే నిలబడింది.

నీతి: నిజం తెలిసినవాళ్ళు భయపడి నోరు మూసుకుంటే, తెలియనివాళ్ళ అరుపే చట్టమైపోతుంది; ఆలస్యంగా చెప్పిన నిజం తర్వాత వచ్చేవాళ్ళకి మేలు చేస్తుంది గానీ, మన మౌనం వల్ల పోగొట్టుకున్నవాళ్ళకి దేన్నీ తిరిగి తెచ్చి ఇవ్వలేదు.