పక్కరోజు

ఒక ఊళ్ళో కాలాన్ని కొలిచే పండితుడు ఉండేవాడు. స్థలానికి ఉన్నట్టే కాలానికీ వెడల్పు ఉందని ఆయన వాదన. నిన్న వెనక ఉంది, రేపు ముందుంది, సరే, మరి పక్కనేముంది? పక్కన కూడా ఈ రోజే ఉంది, ఈ గదిని ఆనుకుని ఇంకో గది ఉన్నట్టు, అనేవాడు. సభలో ఆయన ఈ మాట ఎత్తితే నవ్వనివాడిదే పాపం. "చూసొచ్చిన మనిషిని ఒక్కరిని తీసుకురా, నమ్ముతాం," అన్నాడు రాజు.

పాపం, ఎవర్ని తెస్తాడు?

ఆ ఊళ్ళోనే ఒక తల్లి జ్వరానికి పసివాణ్ణి పోగొట్టుకుంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాల విప్పనివ్వలేదు. తిండి మానేసి దాని కిందే కూర్చునేది. పండితుడు వెళ్ళి ఆమె గడపలో నిలబడ్డాడు.

"అమ్మా, ఖాళీ ఉయ్యాల ఊపకూడదంటారు. ఎందుకో తెలుసా?"

"బిడ్డకి కడుపునొప్పి వస్తుందంటారు. ఇప్పుడెవరికి వస్తుంది లెండి."

"అందుకు కాదు తల్లీ. ఊపితే పక్కకి దారి తెరుచుకుంటుంది. అక్కడా ఈ ఇల్లే, ఈ పూటే. జ్వరం మాత్రం రాలేదేమో. ఒక్కసారి చూసి రా, సభలో చెబుదువుగాని."

చూసి రమ్మన్నాడు మహానుభావుడు! ఒక తల్లిని పట్టుకుని!

మిట్టమధ్యాహ్నం, ఊరంతా కునుకు తీస్తున్న వేళ, ఆమె ఉయ్యాల ఊపింది. దూలం కిర్రుమంది. వీధిలో కుక్క మొరుగు సగంలో తెగిపోయింది. చూస్తే గోడ లేదు. గోడ ఉన్నచోట అదే గది, అదే ఉయ్యాల. అందులో తన పిల్లాడు కాళ్ళాడిస్తున్నాడు. కింద చాప మీద ఒకామె నిద్రపోతోంది. ఆ ముఖం తనదే, కాకపోతే కాస్త ఒళ్ళు చేసి, నిశ్చింతగా ఉంది. పిల్లాడికి ఏ తేడా కనిపించలేదు కాబోలు, నవ్వి చేతులు చాచాడు. ఇక ఈ తల్లి ఆగలేదు, ఎత్తుకుని వచ్చేసింది.

సాయంత్రం పండితుడు రొప్పుతూ వచ్చాడు. "వెళ్ళావా తల్లీ? ఉందా?"

"ఏమీ లేదండీ. మీ పిచ్చిగానీ కాలానికి పక్కలేమిటి? ముందూ వెనకా, అంతే. సభలోనూ అదే చెబుతాను."

ఆమె కొంగు కింద ఏదో కదిలింది.

"ఎవరమ్మా ఆ బిడ్డ?"

"మా చెల్లెలి కొడుకు."

పండితుడి ముఖం వాడిపోయింది. ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టేనని వెనుదిరిగాడు. అంతలో గోడవతల ఎవరో గుండెలు బాదుకుని ఏడుస్తున్నట్టు వినిపించింది.

"ఎవరది?"

"పక్కింటావిడండీ. బిడ్డ కనబడ్డం లేదట, పాపం," అంటూ ఆమె పిల్లాడి చెవులు మూసింది.

పండితుడు బయటికి వచ్చి చూశాడు. గోడవతల ఇల్లే లేదు, ఉత్త జొన్నచేను. తన మాట నిజమేనని ఆయనకి అర్థమైంది. సంతోషం రాలేదు, భయం వేసింది. వెనక ఆ తల్లి తలుపు గడియ పెట్టి, రోలు దొర్లించి అడ్డం పెడుతోంది. ఏడుపు వస్తున్నది తలుపు వైపు నుంచి కాదు.