ముఖం కనిపించని నాయిక

భీమిలిలో శరభయ్య అనే చిత్రకారుడు ఉండేవాడు. చేతిలో గొప్ప పనితనం ఉంది కానీ, ఒకరి మాట వినాలంటే మహా నామోషీ.

ఒకసారి ఆయనకు ఓ కావ్యానికి బొమ్మ వేసే పని వచ్చింది. తుఫానులో చిక్కుకున్న భర్త కోసం నాయిక ఒంటరిగా తెప్ప వేసుకుని సముద్రంలోకి వెళ్లే ఘట్టం అది. "చూసినవాళ్ల గుండె ఝల్లుమనాలి. లేదంటే బొమ్మ లేకుండానే పుస్తకం వేస్తాను," అన్నాడు ప్రచురణకర్త.

తన పేరు పోతుందేమోనని శరభయ్య వారం రోజులు ఇల్లు కదలకుండా గీశాడు. నాయిక ముఖం చూసేవాళ్ల వైపే ఉండాలన్నది ఆ వృత్తిలో పాత అలవాటు. అలాగే వేశాడు. కాటుక కళ్లు, ముక్కుపుడక, వెనకాల నురగలు కక్కే కెరటాలు. పటాన్ని అరుగు మీద ఆరబెట్టి, తనలో తానే మురిసిపోయాడు.

వల భుజాన వేసుకుని పోతున్న ముసలి జాలరి నూకయ్య ఆగి చూశాడు.

"బాగుంది బాబూ. కానీ ఈయమ్మ మునిగిపోద్ది."

"ఏం?"

"కెరటం అటుంటే మొకం ఇటెట్టింది గదా."

శరభయ్యకు ఒళ్లు మండింది. "బొమ్మల సంగతి నీకేం తెలుసు? నీ దారిన నువ్వు పో," అన్నాడు.

"బొమ్మల సంగతి తెల్దు బాబూ. కెరటం సంగతి సూపిత్తాను, పొద్దున్నే తెప్ప ఎక్కండి," అన్నాడు నూకయ్య.

ముసలాడి నోరు మూయించాలనే మన శరభయ్య వెళ్లాడు. ఒడ్డు దాటారో లేదో, ఎదుట నీళ్లు లేచి నిలబడ్డాయి. ఆకాశం కనబడలేదు. ఆ పచ్చటి గోడ ముందు తెప్పెంత, మనిషెంత? శరభయ్యకు భయం వేసింది. అంతకు మించి, చేతులెత్తి మొక్కాలనిపించింది. "నూకయ్యా!" అని కేక పెట్టాడు. నూకయ్య వెనక్కి తిరగలేదు. తెడ్డు బిగించి పట్టుకుని కెరటం మీదే చూపు నిలిపాడు. తెప్ప పైకెక్కి అవతల దిగింది.

"ఇది తుఫానా?" అన్నాడు శరభయ్య.

"కాదు బాబూ, రోజూ ఉండేదే."

శరభయ్య ఇంటికొచ్చి పాత పటం చింపేశాడు. కొత్త పటమంతా కెరటమే. అడుగున బొటనవేలంత నాయిక, అదీ వీపు మాత్రమే.

"ముఖమేదయ్యా?" అన్నాడు ప్రచురణకర్త.

"కెరటాన్ని చూస్తోందండీ."

ఆయన మళ్లీ చూశాడు. తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇదే వేస్తాను," అన్నాడు.

చేతిలో ఎంత విద్య ఉన్నా, తెలిసినవాడు చెబితే అహం పక్కనపెట్టి వినాలి. అలా విన్నవాడి విద్యకే ప్రాణం వస్తుంది.